చలి రాత్రి, కరెంటు లేని ఇల్లు

కార్తీకం దాటి మార్గశిరం రాగానే మా ఆసుపత్రి ఓ.పి.లో జబ్బుల వరస మారిపోతుంది. వానాకాలపు జ్వరాలు, విరేచనాలు తగ్గుతాయి. ఉబ్బసం, పసిపిల్లల న్యుమోనియా, పెద్దవాళ్ళ పక్షవాతం, కాలిన గాయాలు పెరుగుతాయి. ఇవన్నీ చలి వల్లనేనా అని ట్రైనింగుకు వచ్చిన నర్సు అమ్మాయిలు అడుగుతుంటారు. సగం చలి వల్ల, సగం చలి కాచుకోవడం వల్ల అని చెబుతుంటాను. ఆ రెండో సగం గురించి ఇళ్ళలో ఎవరూ పెద్దగా ఆలోచించరు. అందుకే ఈ పాఠం అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

మన దేశంలో చలి అంటే ఉత్తరాదిదే అనుకుంటాం. మన్యంలో కాపురం ఉన్నవారు అలా అనుకోరు. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉన్న మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. పాడేరు, అరకు వైపు, అటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి పల్లెల్లో కూడా డిసెంబరు, జనవరి రాత్రులు అంత తేలిక కాదు. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువుగా ఉంటుంది గనుక కొండ మీదినుంచి లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు, చలి అన్నిటికన్నా ఎక్కువ. ఇంట్లో అందరూ గాఢనిద్రలో ఉండే వేళ కూడా అదే.

దీనికి తోడు కరెంటు. చలికాలం మనకు తుఫానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలోనే రోజుల తరబడి దీపం వెలగలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది సరిగ్గా చలి రోజుల్లో వచ్చింది. తుఫాను దాకా ఎందుకు, ఘాట్ రోడ్డు పక్కన ఒక కొమ్మ విరిగి తీగల మీద పడితే చాలు, లైనుమేను చీకట్లో కొండ ఎక్కి వచ్చేసరికి తెల్లవారుతుంది.

కుంపటి సంగతి

కొన్నేళ్ళ క్రితం ఒక జనవరి ఉదయం జీపులో ముగ్గురిని తెచ్చారు. ఒక బాలింత, ఆమె తల్లి, తొమ్మిది రోజుల పసివాడు. ముందు రాత్రి ఊళ్ళో కరెంటు పోయింది. పసివాడికి చలి తగులుతుందని అమ్మమ్మ బొగ్గులు బాగా రాజేసి, కుంపటి మంచం కింద పెట్టింది. తలుపు గొళ్ళెం వేసి, కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కింది. తాను కింద, కుంపటి పక్కన చాప వేసుకుని పడుకుంది. తెల్లవారి అల్లుడు వచ్చి తలుపు ఎంత తట్టినా ఎవరూ పలకలేదు. తలుపు పగలగొట్టారు. బాలింత, బిడ్డ ఆక్సిజన్ పెట్టాక కోలుకున్నారు. అమ్మమ్మను దక్కించుకోలేకపోయాం. "పొగ కూడా లేదు సిస్టరమ్మా, నిప్పులు చక్కగా ఎర్రగా ఉన్నాయి" అని ఆ అల్లుడు పదే పదే అన్నాడు.

అతని మాటలోనే అసలు విషయం ఉంది. కట్టెల పొగ కళ్ళు మండిస్తుంది, దగ్గిస్తుంది, మనిషిని లేపి బయటికి పంపుతుంది. ఎర్రగా రాజుకున్న బొగ్గులకు పొగ ఉండదు. కానీ వాటినుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మంట పుట్టించదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం మెదడుకు, గుండెకు చేరదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేటట్టు ఉండడం మొదలవుతాయి. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. కడుపుతో ఉన్న స్త్రీ అయితే తల్లికన్నా లోపలి బిడ్డకు ఎక్కువ హాని.

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. జ్వరం లేదు, కానీ ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉదయం లేవగానే తలనొప్పి, వికారం. బయటికి వచ్చి తిరిగితే తగ్గిపోయింది. ఇలా చెప్పారంటే ముందు "రాత్రి గదిలో ఏం వెలిగించారు?" అని అడగండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు మీద ఆధారపడకండి. ఈ వాయువు పట్టుకున్న రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెట్టి 98, 99 చూపిస్తుంది. ఆ అంకె చూసి ధైర్యం చెప్పి పంపేస్తే పొరపాటు జరిగిపోతుంది.

అలాంటి గదిలో ఎవరైనా స్పృహ లేకుండా కనిపిస్తే తలుపులు బార్లా తెరిచి, వారిని వెంటనే బయటి గాలిలోకి లాక్కురండి. లోపల నిలబడి లేపే ప్రయత్నం చేయకండి, మీరూ పడిపోతారు. స్పృహ లేనివారి నోట్లో మజ్జిగ, నిమ్మరసం, ఏదీ పోయకూడదు. 108కి ఫోను చేసి, బొగ్గుల కుంపటి పెట్టుకున్నారనే మాట తప్పక చెప్పండి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగానికి తగ్గుతుంది. లేచి కూర్చున్నాడు కదా అని ఇంట్లోనే ఉంచుకోకూడదు. కొందరికి కొన్ని రోజులు, వారాల తర్వాత మతిమరుపు, నడకలో తేడా బయటపడతాయి.

మరి కుంపటి మానెయ్యాలా? అలా చెబితే ఎవరూ వినరని నాకు తెలుసు. చలి కాచుకోవడం పడుకోబోయే ముందు, వాకిట్లోనో, రెండు వైపులా తెరిచిన వసారాలోనో కానివ్వండి. పక్క ఎక్కే ముందు నిప్పులు ఇంటి బయటికి పోవాలి, బయటే వాటి మీద నీళ్ళు పోయాలి. కిటికీ కాస్త తెరిచి ఉంచాం అనేది లెక్కలోకి రాదు. ఇంటి లోపల నిప్పు ఉండగా ఎవరూ నిద్రపోకూడదు, అంతే. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం మన పెద్దల అలవాటు. వాళ్ళ ఇళ్ళకు పైన తాటాకు కప్పు, గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు ఉండేవి. ఇప్పుడు స్లాబు వేశాం, కిటికీకి అద్దం బిగించాం. అలవాటు మాత్రం అదే ఉంది.

పట్టణాల్లో ఉన్నవారికి ఇది పల్లె సంగతిగా కనిపించవచ్చు. స్నానాల గది లోపల బిగించిన గ్యాస్ గీజరు, వసారాలో కిటికీ కింద నడిపే జనరేటరు, తలుపులు మూసిన షెడ్డులో ఆన్ చేసి ఉంచిన బండి, వీటినుంచి వచ్చేదీ ఇదే వాయువు. గ్యాస్ గీజరు స్నానాల గది బయట ఉండాలి. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి.

పసిబిడ్డకు అమ్మ ఒళ్ళే హీటరు

గదిని వేడి చేయకపోతే బిడ్డ సంగతి ఏమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. పుట్టిన బిడ్డ ఒళ్ళు చిన్నది, చర్మం పలచన, వణికి వేడి పుట్టించుకునే శక్తి లేదు. 23 డిగ్రీల గదిలో బట్ట లేని పసికందు కోల్పోయే వేడి, సున్నా డిగ్రీల చలిలో బట్ట లేని పెద్ద మనిషి కోల్పోయే వేడితో సమానమని లెక్క. మనకు హాయిగా ఉంది కదా అని బిడ్డకూ హాయిగా ఉందనుకోకూడదు.

అందుకే పుట్టగానే స్నానం వద్దంటాం. ఒక అమ్మమ్మ నాతో గట్టిగానే వాదించింది. "పసిగుడ్డును కడక్కుండా ఎలా ఉంచుతామమ్మా, మైల కాదూ?" అంది. "పొడి గుడ్డతో మేం తుడిచేశాం పెద్దమ్మా. ఒంటి మీద వెన్నలాంటి ఆ తెల్లటి పూత ఉందే, అది మైల కాదు, దేవుడిచ్చిన దుప్పటి. ఒక్క రోజు గడవనీ, తర్వాత గోరువెచ్చని నీళ్ళతో నువ్వే పోద్దువుగాని" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు గానీ ఆగింది. బిడ్డ బరువు రెండున్నర కిలోల కన్నా తక్కువైతే ఒక్క రోజు చాలదు. మేం చెప్పేదాకా తడిగుడ్డతో తుడవడమే.

తక్కువ బరువు బిడ్డలకు అన్నిటికన్నా మంచి వెచ్చదనం తల్లి రొమ్ముల మధ్య దొరుకుతుంది. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే పిల్లల వైద్యుడు ఇంక్యుబేటర్లు చాలక దీన్ని మొదలుపెట్టారు. పేదవాళ్ళ ఉపాయంగా మొదలైన ఈ పద్ధతిని నెలలు నిండని, బరువు తక్కువైన బిడ్డలందరికీ పుట్టగానే మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. దీనికి కరెంటు అక్కరలేదు. వార్డులో వార్మరు ఉన్నా మేం దీన్నే ముందు నేర్పుతాం, ఎందుకంటే ఇంటికి వెళ్ళాక వార్మరు ఉండదు.

బిడ్డకు టోపీ, మేజోళ్ళు, కింద గుడ్డ మాత్రమే ఉంచండి. తల్లి రవికె విప్పి, బిడ్డ ఒళ్ళు తన ఒంటికి ఆనేలా నిలువుగా పెట్టుకోవాలి. బిడ్డ తల ఒక పక్కకు తిరిగి, మెడ ముందుకు వంగకుండా, ముక్కు తెరిపిగా ఉండాలి. నడుము, వీపు చుట్టూ మెత్తటి చీర ముక్కతో కట్టి, పైన శాలువా కప్పుకోవాలి. దిండ్లు పెట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. తల్లి భోజనానికి, స్నానానికి లేచినప్పుడు తండ్రి పెట్టుకోవచ్చు, నాయనమ్మ పెట్టుకోవచ్చు. మగవాళ్ళు మొదట సిగ్గుపడతారు. ఒక పూట చేశాక దించమన్నా దించరు.

థర్మామీటరు లేకపోతే చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్ట, తర్వాత పాదం తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లగా ఉంటే బిడ్డకు చలేస్తోందని. వెంటనే ఒంటికి ఆనించుకుని పాలివ్వండి. పొట్ట కూడా చల్లగా ఉంటే అది ప్రమాదం. థర్మామీటరు ఉంటే, చంకలో 36.5 నుంచి 37.5 సెంటీగ్రేడు మామూలు. పసిబిడ్డకు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఒళ్ళు కాలకుండా చల్లబడిపోవడం కూడా ఉంటుంది. పాలు తాగడం మానేసి, ఏడుపు నీరసించి, ఒళ్ళు చల్లగా ఉన్న బిడ్డను తెల్లవారేదాకా ఉంచకండి. దారిలో కూడా ఒంటికి ఆనించుకునే తీసుకురండి. వేడినీళ్ళ సీసా బిడ్డ పక్కన పెట్టవద్దు. దానివల్ల కాలిన బిడ్డలను చూశాం.

చలి కింద నుంచి వస్తుంది

పైన మూడు దుప్పట్లు కప్పి, కింద ఒట్టి నవారు మంచం మీద పడుకోబెడితే ఎవరికీ వెచ్చగా ఉండదు. మంచం కింద చల్లగాలి ఆడుతూనే ఉంటుంది. నేల మీద చాప అయితే నేలే వేడిని లాగేస్తుంది. ఉన్న దుప్పట్లలో ఒకటి కిందికి మార్చండి. దానికింద ఎండబెట్టిన వరిగడ్డి నింపిన గోనె సంచులు పరిస్తే ఇంకా మంచిది. గడ్డిని వారానికోసారి ఎండలో వేయాలి, నిప్పుకూ దీపానికీ దూరంగా ఉంచాలి. పాత చీరలతో కుట్టిన బొంత, కురుమలు నేసిన గొంగడి, వీటిని మించినవి నేను బజార్లో చూడలేదు. ఒక మందపాటి స్వెట్టరు కన్నా రెండు మూడు పలచటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చదనం ఎక్కువ, ఎందుకంటే మధ్యలో గాలి నిలుస్తుంది. తడి బట్ట, చెమట పట్టిన బట్ట మార్చి పడుకోవాలి.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో సంగతి ఉంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం చలికాలంలో ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. బి.పి. మాత్రలు అయిపోయాక చూద్దాంలే అనుకోకుండా రెండు వారాలకు సరిపడా ముందే తెచ్చి పెట్టుకోండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం అలవాటున్న గుండె జబ్బువారు ఎండ వచ్చేదాకా ఆగాలి, నీళ్ళు కాచుకోవాలి. క్రిస్మస్ కేరల్స్‌కు, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వచ్చే తాతలను, నాయనమ్మలను రావద్దని మేం అనం. కానీ తలకు, చెవులకు మఫ్లరు కట్టి, కాళ్ళకు మేజోళ్ళు తొడిగి, రాత్రి మాత్ర వేయించి తీసుకురండి. ఇప్పసారా తాగితే వెచ్చబడుతుందనే మాట నిజం కాదు. చర్మం వెచ్చగా అనిపిస్తుంది, ఎందుకంటే లోపలి వేడి బయటికి పోతుంటుంది. తాగి అరుగు మీద నిద్రపోయిన మనిషికి చలి పట్టినా తెలియదు. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వచ్చి, తికమకగా ఉన్నవారిని తాగి ఉన్నాడులే అని వదిలెయ్యకండి. మూతి ఒక పక్కకు పోయినా, చేయి పడిపోయినా వెంటనే 108. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే పనికి వస్తుంది.

షుగరు ఉన్నవారు పాదాల దగ్గర వేడినీళ్ళ సీసా గానీ, కుంపటి గానీ పెట్టుకోకూడదు. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలింది కూడా తెలియదు. మా డ్రెస్సింగు గదిలో జనవరిలో కనిపించే పుళ్ళలో ఇలాంటివి కొన్ని ఉంటాయి.

కరెంటు పోతే ఏమేమి ఆగిపోతాయి?

2021లో కరోనా రెండో ఉద్ధృతి తర్వాత చాలా ఇళ్ళలోకి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు వచ్చాయి. అవి చాలావరకు కరెంటు పోగానే ఆగిపోయేవే. అలాంటి యంత్రం మీద ఉన్నవారి ఇంట్లో ఒక నిండు సిలిండరు, రెగ్యులేటరు, దాన్ని తిప్పడం తెలిసిన మనిషి ఉండాలి. బి టైపు సిలిండరులో దాదాపు 1,500 లీటర్లు పడుతుంది. నిమిషానికి రెండు లీటర్లు వాడేవారికి అది సుమారు 12 గంటలు. అంతకన్నా ఎక్కువసేపు కరెంటు రాదని తెలిస్తే సిలిండరు అయిపోయేదాకా కూర్చోకుండా ముందే బయలుదేరాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే వచ్చి చేరినా తప్పులేదు. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి, అగరువత్తి, బీడీ ఏవీ వెలిగించకూడదు.

ఉబ్బసం వారిలో నెబ్యులైజరు ఉంది కదా అని ఇన్‌హేలరు కొనడం మానేసినవారు ఉన్నారు. స్పేసరుతో సరిగ్గా పీల్చిన ఇన్‌హేలరు చాలామందికి నెబ్యులైజరుతో సమానంగానే పనిచేస్తుంది, జేబులోనూ పడుతుంది. స్పేసరు లేకపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చవచ్చు. ఓ.పి.కి వచ్చినప్పుడు అడిగితే చేసి చూపిస్తాం.

ఇన్సులిన్ గురించి మాత్రం కంగారు వద్దు. ఫ్రిజ్ ఆగిందని సీసా పారేసిన ఒక పెద్దాయనను నేను కోప్పడ్డాను కూడా. వాడకంలో ఉన్న సీసా చల్లటి చోట, ఎండ తగలకుండా ఉంటే సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది. చలికాలంలో మట్టి కుండలో పెడితే సరిపోతుంది. డీప్ ఫ్రీజరులో గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం కరిగినా వాడకూడదు.

మోటారు తిరగకపోతే నీళ్ళుండవు. కాబట్టి మబ్బు పట్టిన రోజే డ్రమ్ములు నింపుకోండి. నీళ్ళు కాచే రాడ్డు పెట్టేవారు ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. కరెంటు పోయింది కదా అని రాడ్డు అలాగే వదిలి వెళితే, వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు బకెట్టులో చేయి పెడతారో తెలియదు. తెగిపడిన తీగ దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా 1912కి ఫోను చేయండి. కొవ్వొత్తి కన్నా టార్చి మేలు. శాలువా అంచు మంటకు తగిలిన కేసులు ప్రతి ఏటా వస్తాయి. ఎక్కడ కాలినా 20 నిమిషాలు మామూలు చన్నీళ్ళు ధారగా పోయండి. సిరా, టూత్‌పేస్టు, పేడ వద్దు.

ఒక సాయంత్రం మెయిన్ ఆపి చూడండి

ఈ నెల అభ్యాసం ఇది. ఇంట్లో అందరూ ఉన్న ఒక సాయంత్రం ఏడు గంటలకు మెయిన్ స్విచ్చి ఆపండి. యంత్రం మీద ఆధారపడిన రోగి ఉంటే ముందు వారికి ఏర్పాటు చేసి, తర్వాతే ఆపండి. ఒక గంట అలాగే ఉండండి. టార్చి ఎక్కడుందో, ఎవరు ముందు దేనికోసం తడుముకున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పోయినేడు మా నర్సుల క్వార్టర్సులో మేం చేశాం. మూడు టార్చిల్లో రెండింటి సెల్సు కారిపోయి ఉన్నాయి. ఒకామె ఇన్‌హేలరు గడువు తీరి ఎనిమిది నెలలైంది. ఫోన్లలో రెండింటికి చార్జింగు పది శాతం లోపే. ఇంకో సంగతి ఎవరికీ ముందు తట్టలేదు. గేటు పక్క గదిలో ఒంటరిగా ఉండే మా పాత ఆయమ్మ దగ్గరికి ఆ గంటలో మాలో ఒక్కరం కూడా వెళ్ళి చూడలేదు. గంట అయ్యాక వెళితే ఆమె తలుపు వేసుకుని, మూల కుంపటి రాజేసుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు కరెంటు పోయిన ప్రతి రాత్రీ ఆమె దగ్గరికి ఎవరు వెళ్ళాలో, ఆ నిప్పులు ఎవరు బయట పెట్టాలో డ్యూటీ చార్టులో పేరు రాస్తున్నాం.